మట్టిపూసలు, లేసుతాళ్లు

నా కుడి మణికట్టు విరగకపోయి ఉంటే నేను మట్టి ముట్టుకునేదాన్నే కాదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ధవళేశ్వరం నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. ఒక వానాకాలం పొద్దున స్కూలు మెట్ల మీద జారి చెయ్యి ఆనించి పడ్డాను. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే, వేళ్లు నావి కానట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. చాక్‌పీసు నిలిచేది కాదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. వారం నొక్కి, విసుగొచ్చి మానేశాను. ఆ మాట చెబితే ఆమె నవ్వి, పిండో మట్టో ఏదో ఒకటి పిసకమంది.

పిండి రోజూ పిసికే అవసరం మా ఇంట్లో లేదు, మేం రెండు పూటలా అన్నమే తింటాం. మట్టి అనగానే కాలవగట్టు మీది కుమ్మరావిడ గుర్తొచ్చింది. బస్సులోంచి రోజూ చూస్తాను ఆవిణ్ణి. అరవై దాటిన మనిషి. భర్త పోయాక చక్రం తనే అందుకుంది. ఎండాకాలం నీళ్లకుండలు, పెళ్లిళ్ల రోజుల్లో పందిట్లో పెట్టే కూరాళ్లు, మిగతా కాలమంతా మొక్కల కుండీలు చేస్తుంది. సాయంత్రం బస్సు దిగి వెళ్లి, చెయ్యి చూపించి, కాస్త మట్టి కావాలని అడిగాను. ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి, తడిగుడ్డలో చుట్టి ఉన్న మట్టిలోంచి కొబ్బరికాయంత ముద్ద తీసి ఇచ్చింది.

మొదట్లో నిమ్మకాయంత ఉండ చెయ్యడానికే అరచెయ్యి నొప్పెట్టేది. పది రోజులకి ఉసిరికాయంత వచ్చింది. తర్వాత రేగుపండంత. నెల తిరిగేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య శనగగింజంత ఉండ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ రోజు వంటింటి గట్టు మీద పన్నెండు ఉండల్ని వరసగా పెట్టి చాలాసేపు చూసుకున్నాను. వాటికి కన్నాలు పొడిస్తే పూసలవుతాయి కదా అనిపించింది. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి పొడిచేశాను. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, పట్టుకెళ్లి ఆవిడకి ఇచ్చాను. ఆవిడ వాటిని చిన్న పిడతలో పోసి, మూత పెట్టి, కుండలు కాల్చే ఆవంలో వాటి మధ్య ఇరికించింది.

కాలి వచ్చిన పూసలు ఎర్రగా ముద్దుగా ఉన్నాయి. దారం మాత్రం ఎక్కలేదు. మట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ కుంచించుకుపోతుందనీ, కన్నం కూడా దానితోపాటే చిన్నదవుతుందనీ లెక్కల టీచరునై ఉండీ నాకు తట్టలేదు. రెండోసారి లావుపాటి ఈనెతో పొడిచాను. ఈసారి దారం ఎక్కింది కానీ, కన్నం అంచులు గరుగ్గా ఉండి రెండు రోజుల్లో దారాన్ని కోసేశాయి. బస్సులోనే దండ తెగి పూసలన్నీ సీట్ల కిందికి దొర్లిపోయాయి. కండక్టరు కూడా వంగి ఏరిపెట్టాడు. ఆ తర్వాత పచ్చిగా ఉన్నప్పుడే కన్నం అంచుల్ని తడివేలితో నున్నగా రుద్దడం అలవాటు చేసుకున్నాను. ఊక వేసి మూత బిగించి పొగలో మగ్గబెడితే పూస నల్లబడుతుందని కుమ్మరావిడే చూపించింది. అలా ఎరుపు, నలుపు రెండు రంగులు నా చేతికొచ్చాయి.

దారం సంగతి మాత్రం మా అత్తగారు తేల్చారు. ఆవిడది మొగల్తూరు దగ్గర పల్లె. పదేళ్ల వయసు నుంచి లేసు అల్లిన మనిషి. కళ్లు మందగించాక సన్నదారం పని మానేసి, సూదులన్నీ ఒక డబ్బాలో పెట్టి బీరువా పైన ఉంచేశారు. బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి ఆవిడ ఒంటి మీద నగ లేదు. వాళ్ల చర్చిలో ఆ పట్టింపు ఉంది. మా పుట్టింటి చర్చిలో లేదు. మెళ్లో గొలుసుతోనే నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను, ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా పూసలు చేస్తున్నప్పుడు ఆవిడ పక్కన కూర్చుంటే నాకు కాస్త ఇబ్బందిగానే ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను నైలాన్ దారంతో కుస్తీ పడుతుంటే ఆవిడే అడిగారు.

"అదేం దారం అమ్మాయీ, చేపలు పట్టేదా? ఆ డబ్బా దింపు."

లావు నూలుదారంతో, పెద్ద సూదితో, కిటికీ వైపు చూస్తూ అల్లుకుంటూ పోయారు. వేళ్లు చూసుకుంటున్నాయి, కళ్లతో పని లేదు. గంటలో మూరెడు తాడు తయారైంది. మెత్తగా, గుండ్రంగా, గట్టిగా ఉంది. పూసలు దాని మీద కదలకుండా కూర్చున్నాయి. నగల పని చేయిస్తున్నానేమోనని నసిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నేను పెట్టుకోనన్నాను గానీ చెయ్యనన్నానా? ఇన్నేళ్లు అల్లిన లేసులన్నీ ఎవరు కట్టుకున్నారో నాకు తెలుసా ఏంటి?"

ఆ వారంలోనే నా పళ్లెంలోంచి నల్లపూస ఒకటి ఏరుకుని, జానెడు తాడు చివర కట్టి, తన బైబిల్లో పేజీ గుర్తుకి పెట్టుకున్నారు.

నేను ఆ దండలు వేసుకుని స్టాఫ్ రూముకి వెళ్లేదాన్ని. స్కూలు వార్షికోత్సవానికి ఏడో తరగతి ఆడపిల్లలు ఇరవై మంది కోలాటం వేస్తున్నారు. అద్దె నగలు తెస్తే పిల్లల మెడలు దురదలు పెడుతున్నాయని డాన్సు టీచరు ఫిర్యాదు చేస్తే, హెడ్‌మిస్ట్రెస్ గారు నా మెడ వైపు చూశారు. ఇరవై దండలు, మూడు వారాల గడువు. దండకి ముప్ఫై పూసలు. ఒప్పేసుకున్నాను.

పూసలు చెయ్యడం అయిదు రోజుల్లో అయిపోయింది. సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టి ముసురు మొదలైంది. గోడలే చెమర్చుతున్నాయి, ఇక పూసలేం ఆరతాయి? సగం పూసల్ని కుమ్మరావిడ తన పొయ్యి మీది అటక మీద చేటల్లో పరిచింది. తొందరపడొద్దనీ, లోపలి తడి పోయిందాకా ఆవం ముట్టించననీ చెప్పింది. మిగతా సగం నా దగ్గర ఉన్నాయి. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు హెయిర్ డ్రయర్ తీసి వాటి మీద ఊదాను. పైకి తెల్లగా, పొడిగా కనబడ్డాయి. వాటిని పట్టుకెళ్లి ఆవిడ పూసల్లో కలిపేశాను. డ్రయర్ మాట చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగు రోజులు ఆగమంటుందని భయం.

వాన తెరిపిచ్చాక ఆవం పెట్టింది. మర్నాడు పొద్దున విప్పినప్పుడు నేనూ ఉన్నాను. పిడత మూత తియ్యగానే పెంకులు కనబడ్డాయి. చాలా పూసలు పేలిపోయాయి. పేలినవి పక్కవాటిని కూడా పగలగొట్టాయి. ఆవిడ మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లలో తన ఆవంలో ఇలా ఎప్పుడూ అవలేదంటూ, ఎక్కడ తప్పు చేశానా అని వరిగడ్డి చూసింది, పిడత అడుగు చూసింది. అది చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు.

"తప్పు నాది పిన్నిగారూ. నా పూసలు హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి మీవాటిలో కలిపేశాను."

ఆవిడ ఒక పెంకు ఏరి నా అరచేతిలో పెట్టింది.

"పైన ఆరితే ఏంటండి టీచరు గారూ, లోపలి తడికి దారి ఉండొద్దా? ముందే చెబితే మీవి వేరే పిడతలో పెట్టేదాన్ని కదండి."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. ఇద్దరం కూర్చుని మంచివి ఏరాం. మూడు వందలకు కొంచెం పైన తేలాయి. ఇంకోసారి చేసి, ఆరబెట్టి, కాల్చే వ్యవధి లేదు.

ఇంటికొచ్చి పూసలు పళ్లెంలో పోసి అత్తయ్య గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ వాటిని వేళ్లతో కెలికి, ఎన్ని దండలు కావాలన్నారు. ఇరవై అన్నాను. "పూసకీ పూసకీ మధ్య నేను చిన్న పువ్వు అల్లుతాను. దండకి పదిహేను పూసలు చాలవూ?" అన్నారు. మిగిలిన అయిదు రోజులూ మా ఇంట్లో వంట నేనూ మా ఆయనా చేశాం. ఆవిడ భోజనానికీ ప్రార్థనకీ తప్ప సూది దించలేదు. తెల్లదారం పువ్వు, ఎర్రపూస, మళ్లీ తెల్లపువ్వు, నల్లపూస. ముప్ఫై పూసల దండ కంటే ఇదే బాగుందని డాన్సు టీచరు అన్నప్పుడు, అసలు సంగతి ఆమెకి చెప్పాను.

వార్షికోత్సవానికి నేను కుమ్మరావిణ్ణి పిలిచాను. వస్తుందనుకోలేదు. ఉతికిన నేతచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని గేటు దగ్గర నిలబడింది. తీసుకెళ్లి మా అత్తగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. అంతవరకూ వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. ఒకరి పని ఒకరికి తెలుసు, అంతే. కోలాటం మధ్యలో ఒక పిల్ల గిర్రున తిరిగేటప్పుడు దండ కోలకి తగులుకుని, తలమీంచి ఊడి స్టేజీ మీద పడింది. ఇంకో పిల్ల కాలు దాని మీద పడింది కూడా. దండ జారిన పిల్ల తాళం తప్పకుండా వంగి, దండ తీసి, మెళ్లో వేసుకుని ఆటలో కలిసిపోయింది. ఒక్క పూస పగల్లేదు.

"తాడు తెగలేదండి అమ్మగారూ" అంది కుమ్మరావిడ.

"నీ పూసా పగల్లేదుగా అమ్మా" అన్నారు మా అత్తయ్య గారు. ఇద్దరూ మళ్లీ స్టేజీ వైపు తిరిగారు.

దండలు పిల్లలే ఉంచుకోవచ్చని హెడ్‌మిస్ట్రెస్ గారు మైకులో చెప్పారు. మర్నాడు ఇరవై మందిలో పదహారు మంది యూనిఫాం మీద అవే వేసుకుని వస్తే, అసెంబ్లీలో ఆవిడే తీసి బ్యాగుల్లో పెట్టుకోమనాల్సి వచ్చింది.

ఇప్పుడు శనివారాలు మధ్యాహ్నం నేనూ అత్తయ్య గారూ ఆటోలో కాలవగట్టుకి వెళ్తాం. కుమ్మరావిడ మాకోసం ఆవం పక్కన నులకమంచం వాల్చి ఉంచుతుంది. ఆవిడ కుండీలకి అంచులు దిద్దుతుంటుంది, నేను ఉండలు చుడతాను, అత్తయ్య గారు అల్లుతారు. మాటలు ఎక్కువ ఉండవు. పోయిన వారం నేను ఒక కొత్త రకం పొడుగు పూసలు చేసి, ఈరోజు ఆవంలో పెడతారా అని అడిగాను. ఆవిడ ఒకటి తీసి బుగ్గకి ఆనించి చూసింది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. ఇంకో రెండ్రోజులు ఉండనివ్వమంది. ఆయ్, అలాగేనండి అన్నాను, ఆవిడ యాసలోనే. ముగ్గురం నవ్వుకుని ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.