ఆవిరి పట్టిన తలనీలాలు

జుట్టు ఎండిపోవడమంటే ఏమిటో రియాద్ వెళ్లేదాకా నాకు తెలియదు. కడపలో ఎండలు లేవా అని అడక్కండి. కడప ఎండకు చెమటైనా పడుతుంది. రియాద్‌లో ఆ చెమట పైకి వచ్చేలోపే గాలి తాగేస్తుంది. ఉతికిన చీర డాబా మీద ఆరేసి, కిందికొచ్చి టీ తాగి వెళ్లేసరికి అప్పడంలా పెళపెళలాడుతుండేది. నా జుట్టుకూ ఆ గాలే తగిలింది. దానికి తోడు ట్యాంకు నీళ్లు. ఊరి నుంచి మోసుకెళ్లిన కుంకుడుకాయలు ఎంత పిసికినా ఆ నీళ్లలో నురగ వచ్చేది కాదు. ఏడాది తిరక్కుండానే మోకాళ్ల దాకా ఉన్న జడ కొబ్బరిపీచయింది. దువ్వెన పెడితే చాలు, పుటుక్కున తెగడం.

నా జుట్టు గురించి నేనే చెప్పుకుంటే గొప్పలనుకుంటారు. అనుకోండి, నాకేం. పెళ్లిచూపుల్లో మా అత్త నన్ను లేచి వెనక్కి తిరగమంది. తిరిగాను. ఇక పాట పాడమనలేదు, వంటొచ్చా అని అడగలేదు. "చాల్లేమ్మా, కూసో" అంది, అంతే. మీకు నచ్చింది నేను కాదు, నా జడ అని మా ఆయన్ని ఎన్నోసార్లు ఏడిపించాను. అలాంటిది, దువ్వెనలో చిక్కిన వెంట్రుకల ఉండ చేతిలో పట్టుకుని ఒకరోజు వంటింట్లో కూర్చుని ఏడ్చానంటే నన్ను వెర్రిదాన్ననకండి.

సరిగ్గా అప్పుడే ఎదురు ఫ్లాటు ఆపా వచ్చింది. హైదరాబాదావిడ, నాకంటే బాగా పెద్దది. ఆపా అంటే వాళ్ల ఉర్దూలో అక్క. ఆమె భర్త బత్‌హా బజారులో కారు సామాన్ల దుకాణంలో పని చేసేవాడు. మా ఆయన ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. మగవాళ్లిద్దరూ డ్యూటీలకు పోతే ఆ అంతస్తులో మిగిలేది మేమిద్దరమే. నా చేతిలోని ఉండను చూసి ఆపా జాలిపడుతుందనుకున్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నూనె పెడ్తున్నవా?"

"సీసాలు సీసాలు పెడతాండా ఆపా."

"పెడ్తే ఏమాయె! పైపైన్నే ఉంటది. లోపటికి దిగాలంటే ఆవిరి పట్టాలె చెల్లే. గీడి ఆడోళ్లకు గంత జుట్టు ఊకెనే ఉంటదనుకుంటున్నవా?"

అక్కడి ఆడవాళ్లు దాన్ని హమామ్ జైత్ అంటారట, అంటే నూనె స్నానం. మా వీధి చివర ఆడవాళ్ల సెలూన్ ఒకటుండేది. అద్దాలకు నల్లరంగు పూసి, మగవాళ్లు రాకూడదని బోర్డు పెట్టేవారు. అందులో నెత్తిన బోర్లించే ఆవిరి మిషన్ ఉంటుందని ఆపా చెప్పింది. మిషన్ మనకెందుకు, గిన్నె లేదా, తువ్వాలు లేదా అని ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టింది.

కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి కుదుళ్ల నుంచి కొసల దాకా పట్టించింది. మందపాటి తువ్వాలును మరిగిన నీళ్లలో ముంచి, పిండి, నెత్తికి చుట్టింది. వేడి పోకుండా పైన ప్లాస్టిక్ సంచి కట్టింది. చల్లారగానే మళ్లీ ముంచడం, మళ్లీ చుట్టడం. మెడ వెనక నుంచి వెచ్చగా నీటిచుక్కలు దిగుతుంటే, ఆ దేశం వచ్చాక మొదటిసారి నా ఒంట్లో ఏదో సడలినట్టయింది. హాయి అంటే అదే. అక్కడే కూర్చుని నిద్రపోయాను. లేచి తలంటుకుని జుట్టు ఆరాక చూస్తే, మహిమేం జరగలేదు గానీ దువ్వెన మాత్రం ఆగకుండా కిందిదాకా దిగింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆవిరే. ఆపాకు తీరిక లేని వారాల్లో తువ్వాలు పిండే పని మా ఆయన మీద పడింది. నాకు చేతులు కాలేవి. ఆయన రెండు గరిటెలతో తువ్వాలు పైకెత్తి, చివర్లు పట్టి మెలితిప్పి పిండేవాడు. "మీ నాయన ఈ ఉద్యోగం కూడా ఉంటాదని ముందే చెప్పుంటే ఆలోచన చేసుకునేవాణ్ణి కదే" అనేవాడు. చెప్పుంటే పారిపోయేవారా అని నేను. కొన్ని నెలల్లో తెగడం ఆగింది, కొసలు మెత్తబడ్డాయి. అద్దం ముందు నుంచి నన్ను లేపడానికి ఆయన కేకలు పెట్టాల్సి వచ్చేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. పక్కనున్న కువైట్‌ను ఆక్రమించారని విన్నప్పటి నుంచీ నన్ను ఇంటికి పంపేద్దామా వద్దా అని మా ఆయన తర్జనభర్జన పడుతూనే ఉన్నాడు. ఆయన తేల్చుకునేలోపే విమానాలు ఆగిపోయాయి. రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడతాయన్నారు, వాటిలో విషవాయువు ఉండొచ్చన్నారు. ప్రతి ఇంట్లో ఒక గదిని గాలి చొరకుండా మూసుకోమన్నారు. మా పడకగది కిటికీకి, ఏసీకి, గోడ కన్నాలకి అన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు పరిచి చుట్టూ టేపు అంటించాం. సైరన్ మోగగానే లోపలికెళ్లి తలుపు వేసుకుని, తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కాలి. ఆ తువ్వాలు ఎప్పుడూ బకెట్లో నానుతూ ఉండాలి. మా ఇంట్లో మందపాటి తువ్వాలు ఒక్కటే ఉండేది.

ఆ రోజుల్లోనే మా ఆయన కడపకు ఫోన్ చేశాడు. అక్కడ మా వీధిలోని మందుల షాపుకు చేస్తే వాళ్లు అత్తను పిలుచుకొచ్చారు. ఫోన్ పెట్టేశాక ఏమందని అడిగితే దాటేశాడు. అన్నం దగ్గర చెప్పాడు. మేం క్షేమంగా తిరిగొస్తే తిరుమలలో కోడలి తలనీలాలు ఇప్పిస్తానని అత్త మొక్కుకుందట.

"నా తలనీలాలా?"

"ఊఁ."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినాడని విన్నా గానీ, కోడలి సొమ్ము అత్త దానం చేయడం ఇప్పుడే చూస్తాండా. అడిగిందా నన్ను? ఒక్క మాటన్నా అడిగిందా?"

"బతికుంటే బలుసాకు తినచ్చు. జుట్టుదేముందిలే, మళ్లీ పెరుగుతాది."

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఆ పూట పప్పు గిన్నె నా వైపే ఉండిపోయింది. ఆయన మజ్జిగతో తిని లేచాడు.

కోపం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. మొక్కంటే నాకు భయం. మొక్కి తీర్చకపోతే ఏదన్నా జరిగితే? రోజూ ఆ సైరన్ల మధ్యే ఆసుపత్రి బస్సెక్కి పోయేది ఎవరు? మా ఆయనే కదా. ఆయన ప్రాణాన్నీ నా జడనీ ఆ మహాతల్లి ఒకే ముడి వేసి కూర్చుంది. ఇవ్వనని అనలేను, ఇవ్వాలంటే ప్రాణం ఒప్పదు. ఆడవాళ్లు గుండుకు బదులు మూడు కత్తెర్లు ఇస్తే చాలని చిన్నప్పుడు ఎక్కడో విన్నాను. ఆ మూడు కత్తెర్లనే పట్టుకుని వేలాడాను. అయినా మనసు విరిగిపోయి ఆ శుక్రవారం నీళ్లు కాచలేదు. ఆపా వచ్చి సంగతి విని నా మీదే విరుచుకుపడింది.

"దేవునికిచ్చేదాన్ని ఎండిన గడ్డి లెక్క ఇస్తవా? ఇయ్యకుంటే నీకే ఉంటది. ఎట్లయినా ఆవిరైతే పట్టాలె. లే, లే!"

లేచి నీళ్లు పొయ్యి మీద పెట్టాను. మళ్లీ శుక్రవారాలు మొదలయ్యాయి. చలికాలం కావడంతో హాల్లో తువ్వాలు చుట్టగానే చల్లారిపోతోంది. మూసేసిన గదిలో అయితే వేడి నిలుస్తుంది కదా అని నాకే ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు కెటిల్, బేసిను, బకెట్లోని మందపాటి తువ్వాలు అన్నీ ఆ పడకగదిలోకి చేర్చాం. తలుపు వేసుకున్నాం. నాకొక విడత, ఆపాకొక విడత. కెటిల్ ఆపకుండా మరుగుతూనే ఉంది. ఆ వెచ్చదనంలో మేం యుద్ధాన్ని మర్చిపోయాం. ఆపా తన పెళ్లిలో బిర్యానీ గుండిగ మాడిపోయిన కథ చెబుతుంటే పడీ పడీ నవ్వుతున్నాం. పటపటమని చప్పుడైంది. చూస్తే కిటికీ టేపు ఒక మూల నుంచి ఊడి వస్తోంది. ఆవిరికి జిగురంతా కరిగిపోయినట్టుంది. చూస్తుండగానే షీటు మొత్తం జారి ఆపా నెత్తి మీద పడింది.

అప్పుడే సైరన్ మోగింది.

మా ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చి తలుపు మూశాడు. బకెట్లో చెయ్యి పెట్టి తడిమాడు. "తువ్వాలేదే? తలుపు కింద పెట్టే తువ్వాలేది?" అని అరిచాడు. నేను నా నెత్తి చూపించాను. ఆయన నన్ను చూశాడు, వేలాడుతున్న షీటును చూశాడు, ప్లాస్టిక్ కింద నుంచి అల్లా అల్లా అంటున్న ఆపాను చూశాడు. నా నెత్తి మీది తువ్వాలు లాగి సందులో కుక్కి, మంచమెక్కి షీటును రెండు చేతులతో కిటికీకి అదిమి పట్టుకుని నిలబడ్డాడు. ఆపా ఒక పక్క, నేనొక పక్క కింది అంచులు పట్టుకున్నాం. నా జుట్టు నుంచి నూనె బొట్లుబొట్లుగా పరుపు మీద పడుతోంది. దూరంగా ఎక్కడో ఢామ్మంది, కిటికీ అద్దం అదిరింది. మాకేం కాలేదు. అంతా సద్దుమణిగిందని సైరన్ మోగాక కూడా ఆయన చేతులు దించలేదు.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటే ఇదే" అన్నాడు చివరికి. అని నవ్వాడు. ఆపా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ చేతులు అట్లా పైకెత్తి నిలబడిన మనిషి కోసం జుట్టేమిటి, ఏదైనా ఇవ్వొచ్చనిపించింది. మర్నాడు అద్దంలో చూసుకున్నాక మళ్లీ మూడు కత్తెర్ల దగ్గరికే వచ్చాననుకోండి. మనిషి బుద్ధి అంతే.

యుద్ధం ముగిసింది. షీట్లు పీకేస్తే గోడల రంగు కూడా టేపుతో పాటు ఊడి వచ్చింది. సెలవు దొరికి, ఊరెళ్లి తిరిగి రావడానికి పాస్‌పోర్టులో ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర పడేసరికి ఎండాకాలం నడుస్తోంది. ఆ నెలల్లో ఒక్క శుక్రవారం కూడా ఆవిరి మానలేదు. నా జుట్టు ఎన్నడూ అంత బాగా లేదు. తలస్నానం చేసి వదులుగా వదిలితే వీపంతా కప్పేది, చేతిలోకి తీసుకుంటే జారిపోయేది. సంతోషంగా ఉండేది, అంతలోనే జాతరకు మేకను మేపుతున్నట్టు అనిపించి మనసు చివుక్కుమనేది. విమానం ఎక్కేరోజు ఆపా ఒకసారి నా జడ నిమిరి వెళ్లిపోయింది.

ఇంటికి చేరిన వారానికే తిరుమల. కల్యాణకట్టలో నేలంతా తడి, ఎక్కడ చూసినా గోవింద నామమే. చీటీలు తీసుకుని వరుసలో నిలబడ్డాం. జడ విప్పాలి కదా, అత్త నా వెనక నిలబడి పాయలు విప్పడం మొదలుపెట్టింది. సగం విప్పి ఆగిపోయింది. ఇంక నేను ఆపుకోలేకపోయాను.

"మొక్కింది నువ్వు కదత్తా. నీ జుట్టు మొక్కుకోకూడదా? నాదే దొరికిందా నీకు?"

చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. మా ఆయన చేతిలోని చీటీని చదవడం మొదలుపెట్టాడు. అత్త కోప్పడలేదు. తన నెత్తి మీది చిన్న ముడిని తడుముకుంది.

"మొదలు నాదే మొక్కుకుంటిమ్మా. మళ్లీ రేడియోలో బాంబులు పడె అన్యారు. ఈ నాలుగు తెల్లెంట్రుకలిచ్చి ఇద్దరు మనుషుల్ని అడుగుతాండానే, స్వామి నవ్వుకోడా అనిపించె. మనింట్లో అన్నిటికంటే విలువైందేముందా అని ఆలోచన చేస్తి. బంగారమా, భూములా, యాడుండాయి మనకు? నీ జుట్టే కండ్ల ముందరికొచ్చె. అది మొక్కినాంకనే ఆ రాత్రి నిద్రపోతి."

అత్త నా జుట్టును రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"ఇప్పుడు చేత్తో పట్టుకుంటే నాకే పానం ఒప్పలే. నువ్వు మూడు కత్తెర్లిచ్చి రా. మొక్కిన నోరు నాది, గుండు నేను కొట్టించుకుంటా. స్వామికి నేను చెప్పుకుంటాలే."

ఎవరి వంతో కూడా చూడకుండా అత్త వెళ్లి ఖాళీగా ఉన్న మంగలాయన ముందు కూర్చుంది. నెత్తి మీద నీళ్లు పోశారు. నేను నెలల తరబడి కోరుకున్నది నాకు దొరికింది. ఇక నా జుట్టు నాది. ఎవరూ అడగరు, దేవుడితో లెక్క కూడా ఆమే చూసుకుంటానంది. అయినా కాళ్లు కదల్లేదు. మూడు కత్తెర్లకని పక్కకు తిరగబోయి, ఏమనిపించిందో, వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను.

"కత్తెర్లా, గుండా?" అన్నాడు నా ముందున్న మంగలాయన.

"గుండే."

నా జుట్టు తడిపి రెండు ముడులు వేశాడు. "ఏం పెడతావమ్మా తలకు?" అన్నాడు. ఆవిరి అన్నాను. అర్థంకాక నవ్వి కత్తి పెట్టాడు. నొప్పేం లేదు. నెత్తి మీద ఒక్కసారిగా చల్లటి గాలి తగిలింది. కళ్లు తెరిచేసరికి ముడులు రెండూ పక్కన పెట్టి ఉన్నాయి, మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

గుండుతో నిలబడిన అత్త వంగి ఆ రెండు ముడులనూ ఎత్తుకుంది. జుట్టు వేసే తొట్టి దాకా మోసుకెళ్లింది. అక్కడ ఆగిపోయింది. వెనక వాళ్లు తొందరపెడుతున్నారు. వెయ్యత్తా అన్నాను. "వేస్తా ఉండు, ఉండు" అంది గానీ వెయ్యదు. మా ఆయన వచ్చి, అమ్మా, కానీ అన్నాడు. ఆమె ఇంకా గట్టిగా గుండెలకు హత్తుకుంది. చివరికి ఆమె వేళ్లు ఒక్కొక్కటే నేనే విప్పాల్సి వచ్చింది.