అర్జీ మీద వడియాలు

ఆ ఏడు ఎండకాలం ముంగట్నే, పొయ్యిలల్ల వాడే కోక్ బొగ్గు కోసం మా దిక్కు రాతిబొగ్గును ఆరుబయట కుప్పలు పోసి కాల్చుడు సర్కారు బంద్ చేయించింది. చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ పోయే బస్సుల ఒకాయన, ఆ కుప్పలు మళ్లా అంటియ్యాలని అర్జీ రాసుకొచ్చి, అందరితోని సంతకాలు పెట్టించుకుంటుండు. అడిగిండు కదా అని మొదటి సంతకం నేనే పెట్టిన.

కాగితం నా పక్కన కూసున్న ఆమె చేతికొచ్చింది. ఎవరో నాకు తెల్వది. దాన్ని ఒళ్లె పరిచి, సంచిలకెళ్లి గుప్పెడు బియ్యం వడియాలు తీసి దాని మీద పోసింది.

"ఏటేటా ఎండకు పెడితే మసి పడి నల్లగయ్యేటియి. ఈ ఎండకాలం బట్ట కప్పకుంటనే డాబా మీద ఆరబెట్టిన. అన్నా, ఒక్క నల్లమచ్చ చూపియ్, ఏలిముద్ర ఏస్త."

"పనులు పోయినయ్ కదక్కా," అన్నడాయన.

"నా మొగడు గూడ ఆ కుప్పల కాడనే చేసిండు. పని పోయింది, ఆయన దగ్గు గూడ పోయింది. నా బిడ్డ ఇప్పుడు ఆయాసం లేకుంట బడిదాక ఉరుకుతది. పని ఇంకోటి ఎతుక్కుంటం. ఊపిరి ఏ దుకాన్ల దొరుకుతదన్నా?"

ఆయన కాగితం కోసం చెయ్యి చాపిండు. ఆమె ఇయ్యలే.

నేను వడియాలు పక్కకు జరిపిన. అడుగున నా సంతకం. ఆయన జేబులున్న పెన్ను అడగకుంటనే తీసుకొని, ఆ సంతకాన్ని గీత గీసి కొట్టేసిన.