చీరాల అత్త, చిలకలూరిపేట ఆఫర్ చీర

మా సుబ్బులత్త చీరాలలో నలభై ఏళ్ళుగా మగ్గం నేస్తోంది. నన్ను కాలేజీలో చదివించింది ఆ మగ్గమే. నేసినదంతా షావుకారు కొట్టుకే పోయేది, ఆమె ఒంటి మీద మాత్రం ఎప్పుడూ నైలెక్సు చీరే. ఈసారి ఆమెకో మంచి చేనేత చీర పెట్టాలని గుంటూరులో ఎనిమిదింటి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ సున్నా. తొమ్మిదింబావుకు చిలకలూరిపేటలో దిగి, హైవే పక్కన ఒక పెద్ద షాపులో చీర కొన్నాను. "చేనేత, అసలు ధర 7,200, ఆఫర్‌లో 3,600" అని చీటీ ఉంది. సగానికి సగం మిగిలిందని, పర్చూరు మీదుగా గంటన్నర ప్రయాణంలో మిరప కల్లాల ఘాటుకు తుమ్ముతూనే మురిసిపోయాను.

అత్త మడత కూడా విప్పలేదు. అంచు మీద వేలు పోనిచ్చింది.

"గుడ్డ ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా ముళ్ళకర్ర పెడతామే, ఆ చిల్లులు రెండంచులా పడాలి. ఇది మిల్లుదమ్మా."

ధర చీటీని గోటితో గీకితే కింద ఇంకో చీటీ, 2,900. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె "పోనీలే, కట్టుకుంటాలే" అని ఉంటే ఏడ్చేసేదాన్ని. "పద, వాపసు ఇచ్చేద్దాం" అని చెప్పులేసుకుంది.

ఒంటిగంట బస్సులోంచే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. లేని ధర చూపి తగ్గింపు అనడం, మిల్లు చీరను చేనేత అని అమ్మడం రెండూ చట్టవిరుద్ధమేనని, బిల్లుంటే జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చని అవతలి అమ్మాయి ఓపికగా చెప్పింది. ఆమె పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధే.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోమండి, బోర్డు చూడండి" అన్నాడు షాపాయన.

"బోర్డు నువ్వు రాయించుకున్నావు బాబూ, చట్టం నువ్వు రాయలేదుగా" అంది అత్త.

నేను బిల్లూ, రెండు చీటీలూ బల్ల మీద పెట్టి ఫిర్యాదు చేస్తానన్నాను. పది నిమిషాల్లో డబ్బు చేతికొచ్చింది.

ఆరింటికి చీరాల చేరగానే అత్త నన్ను సరాసరి షావుకారు కొట్టుకు తీసుకెళ్ళి, వెతికించి ఒక పసుపు చీర తీయించింది. పోయిన నెల తాను నేసిందే, 3,400. భుజాన వేసుకుని అద్దంలో చాలాసేపు చూసుకుంది.

మోసపోయి తిరిగిన ఆ రోజును తలుచుకుంటే నాకు కోపం రాదు. అత్త వేళ్ళకూ, ఫోన్‌లోని ఆ గొంతుకూ దండం పెట్టాలనిపిస్తుంది. చేనేత కొనబోయేవాళ్ళకు నా సలహా ఒక్కటే, అంచులు వెలుగుకు పట్టి చూడండి, బిల్లు అడగడానికి మొహమాటపడకండి. నలభై ఏళ్ళుగా తాను ఎవరికి కూలికి నేస్తోందో ఆ షావుకారునే ఆ సాయంత్రం మా అత్త అడిగింది.

"బిల్లు రాయండి. ఇవాళ నేను కొనేదాన్ని."