చెప్పలేం డాక్టరు

ఆ పిల్లల డాక్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఏమడిగినా "ఇప్పుడే చెప్పలేం" అంటారు. జబ్బు గురించి అడిగినప్పుడు అన్నారంటే సరే అనుకోవచ్చు. భోజనం చేశారా అని అడిగినా కాస్త ఆలోచిస్తారు. ఫోనులో ఎవరైనా "డాక్టరుగారేనా మాట్లాడేది?" అంటే "ప్రస్తుతానికి" అంటారు. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన చెప్పలేం డాక్టరే.

క్యాంటీను నడిపే అతను మొదట్లో ఆయనతో నానా అవస్థా పడ్డాడు. టీయా కాఫీయా అని ఇతను అడగడం, చెప్పలేమని ఆయన అనడం, వెనక జనం గొణగడం. చివరికి విసుగెత్తి ఒకరోజు సగం టీ, సగం కాఫీ ఒకే కప్పులో కలిపి చేతిలో పెట్టేశాడు. ఆయన తాగి కప్పు కింద పెట్టారు. బాగుందా సార్ అని అడిగితే యథాప్రకారం జవాబిచ్చి వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆయనకి రోజూ అదే ఇస్తున్నాడు. దాన్ని ఇంకెవరూ తాగలేరు.

పెళ్ళైన కొత్తలో ఆయన భార్య, నేను మీకు నచ్చానా అని అడిగిందట. "ఇప్పుడే ఎలా చెప్పగలం? కొన్నాళ్ళు చూద్దాం" అన్నారట. పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. ఆవిడ ఇంకా పరిశీలనలోనే ఉంది. ఈ కథ నలుగురికీ నవ్వుతూ చెప్పేది ఆవిడే.

కొత్త వార్డు తెరిచిన రోజున ఆసుపత్రి యజమాని ఉత్సాహం పట్టలేక ఆయన చేతికి మైకు ఇచ్చాడు. ఊళ్ళో మనకంటే మంచి ఆసుపత్రి ఉందా డాక్టరుగారూ అని అడిగాడు. డాక్టరుగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఆయన ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు మైకులో హాలంతా వినబడింది. ఆ తర్వాత ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు. మళ్ళీ ఎవరూ ఆయనకి మైకు ఇవ్వలేదు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది లెక్కల టీచరు కూతురు.

లెక్కల టీచరు అంటే ప్రతి ప్రశ్నకీ ఒక జవాబు ఉంటుందని, అది పుస్తకం చివరి పేజీల్లో ఉంటుందని నమ్మే మనిషి. ఆవిడకి ఏడో నెలలోనే కాన్పు వచ్చేసింది. పాప బరువు ఆవిడ రోజూ బడికి మోసుకెళ్ళే సంచి బరువులో మూడోవంతు కూడా లేదు. పాపని అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కులో ఒక గొట్టం, బొడ్డులో ఒక గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న దీపం. పెట్టెకి పక్కన ఉన్న గుండ్రటి కంతలోంచి తల్లి చెయ్యి పెట్టచ్చు. కానీ నిమరకూడదు, ఊరికే ఆనించి ఉంచాలి. ఆ చర్మం నిమిరితే తట్టుకోలేదని పెద్ద సిస్టరు చెప్పింది. టీచరు గంటలకొద్దీ చెయ్యి అలాగే ఆనించి కూర్చునేది. పాప ఊపిరి తీయడం మర్చిపోయినప్పుడల్లా మిషను మోగేది. సిస్టరు వచ్చి పాప అరికాలు వేలితో తట్టేది. పాపకి గుర్తొచ్చి మళ్ళీ ఊపిరి తీసుకునేది.

పక్క పెట్టెలో ఒక బాబు ఉండేవాడు. ఒక ఉదయం టీచరు వచ్చేసరికి ఆ పెట్టె ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉంది. ఎక్కడికి మార్చారని అడగబోయి, సిస్టరు ముఖం చూసి ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆమె వార్డులోకి అడుగుపెడుతూనే ముందు తన పాప పెట్టెలో గుడ్డ కదులుతోందో లేదో చూసుకునేది.

నెలలు నిండని పిల్లలకి మాడు మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడినుంచే మెదడుకి స్కాన్ తీస్తారు. మొదటిసారి తెరమీద తెల్లటి మరకల్లాంటివి కనిపించాయి. కొన్ని వారాల తర్వాత తీస్తే ఆ మరకలు ఉన్నచోట చిన్న చిన్న నల్లటి కన్నాలు పడి ఉన్నాయి. టీచరు కంటికి అవి సున్నాల్లా కనిపించాయి. స్కాన్ డాక్టరు కుర్రవాడు, ఏదీ దాచుకునే రకం కాదు. "ఈ పాప నడవదండీ. మాటలు రావడం కూడా అనుమానమే. ముందే తెలుసుకుంటే మంచిది కదా" అని చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు.

టీచరు ఆ స్కాన్ తీసుకుని నేరుగా చెప్పలేం డాక్టరు గదికి వచ్చింది. వెనకే ఆమె భర్త వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

డాక్టరుగారు ఆ స్కాన్ చాలాసేపు చూశారు. మెదడులో ఆలోచించే భాగం పైన ఉంటుందని, అక్కడినుంచి ఒళ్ళంతటికీ కబుర్లు మోసుకెళ్ళే తీగలు లోపలినుంచి దిగుతాయని చెప్పారు. పాప తొందరపడి పుట్టేసరికి ఆ తీగలకి తొడుగు పడే పని ఇంకా పూర్తికాలేదు. రక్తం సరిగ్గా అందకో, మరొకందుకో అక్కడ దెబ్బ తగిలింది. కాళ్ళకి వెళ్ళే తీగలు ఆ కన్నాలకి దగ్గరగా పోతాయి కాబట్టి ముందు భయం కాళ్ళ గురించే.

తీగలు, తొడుగు అనేసరికి మెకానిక్కుకి విషయం అర్థమైంది. అర్థమయ్యాకే భయం వేసింది.

"కొత్త తీగ వెయ్యడానికి లేదా సార్?"

"లేదు బాబూ. పక్క తీగలు కొంత పని అందుకుంటాయి. పసిపిల్లలకి ఆ సౌకర్యం ఉంది. ఎంత అందుకుంటాయో ఇప్పుడే చెప్పలేం."

టీచరు అసలు ప్రశ్న అడిగింది. పాప నడుస్తుందా? చెప్పలేమన్నారు. మాట్లాడుతుందా? అదీ చెప్పలేమన్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పోనీ నూటికి ఎన్ని మార్కులో చెప్పండి అన్నట్టు, ఇలాంటి పిల్లల్లో నూటికి ఎంతమంది నడుస్తారని నిలదీసింది. "మీ ఇంట్లో ఉన్నది నూరుమంది పిల్లలు కాదు కదమ్మా, ఒక్కతే. ఒక్కదానికి శాతం ఎలా కట్టను? రేపు మళ్ళీ చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

రేపు చూద్దామంటే నిజంగానే రేపు వచ్చి చూసేవారు. చిటికెన వేలితో పాప పాదం మెల్లగా వంచి, వదిలి, మళ్ళీ వంచేవారు. ఏమనిపిస్తోందని ఆమె అడిగేది. ఆయన అన్నమాటే అనేవారు. మొహంమీదే జవాబు చెప్పేసిన ఆ స్కాన్ కుర్రాడే నయమని టీచరుకి అనిపించేది. చెడ్డదో మంచిదో ఒక జవాబంటూ ఉంటే మనిషి దానిమీద పడి ఏడవచ్చు. ఈయన దానికీ వీలు లేకుండా చేశారు.

జవాబు దొరికిన లెక్క ఆమె దగ్గర ఒకటే ఉంది. అదే ఆమెని తినేస్తోంది.

వాళ్ళ పడగ్గదిలో ఒక ఇనప బీరువా ఉంది. దాన్ని జరిపితే కిటికీ పక్కన ఉయ్యాలకి చోటు వస్తుంది. భర్త ఆదివారం జరుపుతానన్నాడు. ఊళ్ళో జనాన్నంతా మేడలెక్కించే పెద్దమనిషికి బీరువా జరిపే ఆదివారం మాత్రం రాలేదు. అడిగి అడిగి విసిగిపోయి, ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే వీపు ఆనించి దాన్ని జరిపేసింది. సాయంత్రానికి నొప్పులు వచ్చాయి. బీరువా, నొప్పులు, పాప మెదడులో సున్నాలు. ఆమెకి ఈ కూడిక చెయ్యడానికి పలక కూడా అక్కర్లేకపోయింది.

తను మర్చిపోదామన్నా అత్తగారు మర్చిపోనిచ్చేది కాదు. అత్తగారు చెడ్డమనిషేం కాదు. వార్డు బయట బల్లమీద పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని, అద్దంలోంచి మనవరాలిని చూస్తూ కళ్ళొత్తుకునేది. కాకపోతే పరామర్శకి ఎవరొచ్చి ఏమైందని అడిగినా ఆవిడ దగ్గర ఒకే మాట ఉండేది. "బీరువా జరిపింది." అంతే. తిట్టేది కాదు, శాపనార్థాలు పెట్టేది కాదు. వచ్చినవాళ్ళు కోడలివైపు ఓసారి చూసి, నాలుక చప్పరించి వెళ్ళేవాళ్ళు. కొడుకు తలదించుకుని బల్లమీద స్క్రూ ఏదో వదులైనట్టు దాన్ని గోటితో తిప్పుతూ ఉండేవాడు. ఆ ఆదివారాల సంగతి అతనూ ఎత్తేవాడు కాదు.

పాప ఇంటికి వచ్చింది. నెలనెలా డాక్టరుగారికి చూపించేవాళ్ళు. ఆయన నెలనెలా, వచ్చే నెల చూద్దామనేవారు. వచ్చే నెల చూసినకొద్దీ కాళ్ళు బిగుస్తూ వచ్చాయి. గుడ్డ మార్చడానికి తొడలు విడదియ్యాలంటే బలం కావలసి వచ్చేది. ఎత్తి నిలబెడితే కాళ్ళు కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడి, మునివేళ్ళు మాత్రమే నేలకి తగిలేవి. నేర్పిన వ్యాయామాలన్నీ అత్తగారే చేయించేది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే తనూ ఏడుస్తూ, అయినా వదలకుండా పాదాలు వంచేది. ఇరుగమ్మ వచ్చి, అయ్యో ఎందుకిలా అయిందంటే, చేతులు ఆపకుండానే చెప్పేది, బీరువా జరిపిందని.

పాపకి రెండో ఏడు నడుస్తున్నప్పుడు ముగ్గురూ కలిసి చూపించడానికి వెళ్ళారు. డాక్టరుగారు పాపని బల్లమీద పడుకోబెట్టి చాలాసేపు పరీక్షించారు. మాటలు వింటోందని, నవ్వుతోందని, చెయ్యి చాపి పెన్ను లాక్కుంటోందని చూశారు. తర్వాత స్టూలు లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చున్నారు. స్కాన్‌లో చూసి ఏం జరుగుతుందని భయపడ్డామో కాళ్ళలో అదే జరిగిందని, ఈ బిగువు ఆ దెబ్బదేనని మెల్లగా చెప్పారు. పాదం తిన్నగా నేలకి ఆనేలా పట్టీ బూట్లు వేద్దామన్నారు. నడుస్తుందా అని మెకానిక్కు అడిగాడు. ఇప్పుడే చెప్పలేమన్నారు.

అత్తగారు గట్టిగా నిట్టూర్చింది. ఆయన ముందు ఎప్పుడూ అనలేదు కానీ, ఆ రోజు అలవాటుకొద్దీ నోరు జారింది.

"ఏం చేస్తాం డాక్టరుగారూ. బీరువా జరిపింది."

టీచరు పాపని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. ఇన్నాళ్ళూ లోపల కూడుకుంటున్న లెక్క బయటికి వచ్చేసింది.

"నేనా రోజు ఆ బీరువా జరపకుండా ఉంటే, పాప..."

"కాదు."

ఆమె ఇంకా వాక్యం పూర్తిచెయ్యలేదు. డాక్టరుగారు ఆలోచించలేదు, ఊపిరి తీసి వదల్లేదు, కిటికీవైపు చూడలేదు. తలుపు దగ్గర పెద్ద సిస్టరు చేతిలో ట్రేతో అలాగే నిలబడిపోయింది. ఆవిడ ఆ ఆసుపత్రికి వచ్చిన తర్వాత ఆయన నోట ఇంత గబుక్కున ఒక జవాబు రావడం ఇదే మొదలు.

అత్తగారు తేరుకుని, అంత ఖచ్చితంగా ఎలా చెబుతారండీ, మీరు ఏదీ చెప్పలేమంటారు కదా అంది.

"పాప ముందే ఎందుకు పుట్టిందో చెప్పలేనమ్మా. చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరు. బీరువా జరిపినందుకు మాత్రం కాదు. మెదడుకి ఈ దెబ్బ తగిలింది అందుకు కాదు. అది చెప్పగలను." తర్వాత టీచరువైపు తిరిగారు. "మీ లెక్క తప్పమ్మా. ఇన్నాళ్ళూ ఒక్కసారి నాకు చూపించి ఉండాల్సింది."

టీచరు ఏడ్చింది. ఆసుపత్రికి వచ్చిన మొదటి రోజునుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. అమ్మ ఎందుకలా ఊగిపోతోందో తెలియక పాప ఆవిడ ముక్కు పట్టుకుని లాగింది. మెకానిక్కు లేచి నిలబడి, ఆదివారం జరుపుతానని తనే వాయిదా వేస్తూ వచ్చానని, తను జరిపి ఉంటే భార్యకి ఆ పనే ఉండేది కాదని తల్లి ముందు మొట్టమొదటిసారి చెప్పాడు. డాక్టరుగారు అతనికి కూడా కాదనే చెప్పారు. ఒకే రోజు రెండు జవాబులు చెప్పేసరికి పాపం ఆయనకి అలసట వచ్చినట్టుంది. టీ తెప్పించనా సార్ అని సిస్టరు అడిగితే, ఇప్పుడే చెప్పలేం అన్నారు.

బయట వరండాలో అత్తగారు లిఫ్టు దగ్గర ఆగి కొడుకుతో అంది: "టీ కావాలో కాఫీ కావాలో చెప్పలేని మనిషిరా ఆయన. అలాంటి మనిషి కాదన్నాడంటే కాదు." టీచరు పక్కనే ఉండి విన్నది. ఇంతకాలం పళ్ళు కొరుక్కుంటూ విన్న చెప్పలేమన్న మాటలన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెలియనిచోట ధైర్యం చెప్పి పంపడం ఆయనకి ఎంత తేలికో, భయపెట్టి పంపడం ఎంత తేలికో. ఆయన రెండూ చెయ్యలేదు. అందుకే ఈ ఒక్క ముక్క ఆమె నమ్మగలిగింది. మరెవరు చెప్పినా ఓదార్పు అనుకుని తీసి పక్కన పెట్టేసేది.

పాపకి పట్టీ బూట్లు వచ్చాయి. నిలబడడం అలవాటు చెయ్యడానికి కదలనిది ఏదైనా ఆసరా కావాలన్నారు. కుర్చీ జరుగుతుంది, మంచం తక్కువ ఎత్తు. ఇంట్లో కదలనిది ఇక ఒక్కటే. అత్తగారు నేలమీద బీరువాకి వీపు ఆనించి కూర్చుని, మనవరాలి చెయ్యి దాని పిడికి పట్టించి, రెండో చెయ్యి తన భుజంమీద వేయించుకునేది. పాప అలా కాసేపు నిలబడి, కాసేపటికి కూలబడేది. మళ్ళీ నిలబెట్టేది.

అలా నిలబెట్టి ఉండగానే ఒకరోజు ఇరుగమ్మ చాలాకాలానికి వచ్చింది. పాప కాళ్ళకున్న బూట్లు చూసి, నాలుక చప్పరించి, ఎందుకిలా అయిందండీ అంది. వంటింట్లో టీచరు చేతిలో గిన్నె ఆగిపోయింది.

అత్తగారు కాస్త ఆలోచించింది.

"ఇప్పుడే చెప్పలేం."

"అదేమిటండీ, బీరువా జరిపిందన్నారుగా?"

"ఏ బీరువా?" అంది అత్తగారు, దానికే వీపు ఆనించుకుని, మనవరాలి పట్టు జారకుండా పిడిమీద తన చెయ్యి వేస్తూ.