ద్రాక్షతోట పోయినా ఆగని ఇంజను

మొన్న మా చిన్నమ్మాయి, డబ్ టెక్నో అనే మిషను సంగీతం వాయించేవాళ్లెవరో కొత్త రికార్డు విడుదల చేశారనీ, ఒకే బాణీకి మూడు రీమిక్సులున్నాయనీ చెప్పి, హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి పోయింది. పాట లేదు, పల్లవి లేదు. ఎక్కడో అడుగున ఒకటే దెబ్బ, దాని వెనక పొగలా సాగిపోయే ప్రతిధ్వని. నవ్వుదామనే కూర్చున్నాను గాని, రెండో రీమిక్సు మొదలయ్యేసరికి హెడ్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకున్నాను. అది శామీర్‌పేట దగ్గర మా ద్రాక్షతోటకు నీళ్లు తోడిన డీజిల్ ఇంజను చప్పుడు.

తొంభైలలో మేడ్చల్ దారుల్లో తిరిగినవాళ్లకు ఆ ద్రాక్ష పందిళ్లు గుర్తుండే ఉంటాయి. మా ఇంజను మొదలైతే గాని శామీర్‌పేటలో బస్సు గేరు మారేది కాదనీ, దాని దెబ్బకు దూలపల్లిలో కోళ్లు రెండేసి గుడ్లు పెట్టేవనీ నేను చెబితే నమ్మినవాళ్లున్నారు. నమ్మనివాళ్లను దూలపల్లి పోయి అడగమనేవాణ్ని, ఎవరూ పోలేదు. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వినేవాడు. గాలి ఇటు తిరిగితే అది పక్కింట్లో ఉన్నట్టుండేది, అటు తిరిగితే చెరువు అడుగున ఉన్నట్టుండేది. ఇప్పుడు రీమిక్సులంటున్నారే, అవి మాకు రోజూ గాలి చేసిపెట్టేది.

రెండువేల సంవత్సరం దాటాక బావి ఎండింది, తోట అమ్ముడుపోయింది. నేను ఫ్యాక్టరీ ఉద్యోగంలో పడి ఆదివారాలే ఇంటికి వచ్చేవాణ్ని. కొన్న పట్నం ఆసామి పందిళ్లు పీకించి ఫామ్‌హౌసు కట్టి, ఆదివారం సాయంత్రాలు కుర్రకారును పిలిచి పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టించేవాడు. ఆ దెబ్బ పొలాల మీదుగా మా అరుగు దాకా వచ్చేది. అప్పటికి బాపుకు చూపు బాగా మందగించింది. మొదటిసారి విన్నప్పుడు తలెత్తి, "మన ఇంజను నడుస్తాంది గదరా. ఎవలేసిండ్రు?" అన్నాడు.

కొన్నాయన తోట తీయలేదనీ, మనకన్నా బాగా నీళ్లు పారిస్తున్నాడనీ నా నోటికి అలవాటైన పద్ధతిలో చెప్పేశాను. ఇక ప్రతి ఆదివారం ఆ తోట పెరుగుతూనే పోయింది: కొత్త పందిళ్లు, నేరేడు పళ్లంత ద్రాక్షల గుత్తులు, వాటిని మోయలేక కూర్చుండిపోయిన ఎడ్లు. బాపు ఊఁ కొట్టేవాడు. అమ్మ మాత్రం లోపలికి వెళ్లిపోయేది.

ఒక సాయంత్రం బాపు ఉన్నట్టుండి లేచి చేతికర్ర కోసం తడుముకున్నాడు.

"నీళ్లొస్తలేవురా, ఉత్తగ కొట్టుకుంటాంది. ఇంజను కాలిపోతది. జల్దీ పోయి ఆపు. నువ్వు పోతవా, నేను పోవాల్నా?"

ఆయన పోతే, ఇన్నాళ్లూ నేను మాటలతో వేసిన పందిళ్ల కోసం ఆ ఫామ్‌హౌసు గచ్చు మీద చేతులు చాచి వెతుక్కుంటాడు. నేనే పరిగెత్తాను. స్పీకర్ల దగ్గరున్న కుర్రాడికి ఏ కథా తోచక, మా బాపు ఇంజను కాలిపోతదంటున్నాడు, కొంచెం ఆపు తమ్మీ అన్నాను. వాడు నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. మెల్లగా ఏదో తిప్పాడు. దెబ్బ ఆగిపోయింది గాని ప్రతిధ్వని ఒక్కొక్కటే చెరువు వైపు నడిచిపోయింది.

తిరిగొచ్చేసరికి బాపు కర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇగ ఎయ్యకుమను బిడ్డా. అది మస్తు కష్టం జేసింది."

తరవాత ఆదివారాల్లో చప్పుడు వస్తూనే ఉండేది. ఆయన దాని ఊసెత్తకుండా లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

బాపు పోయాక అమ్మ చెప్పింది: తోట అమ్మకముందే, నేను ఊళ్లో లేనప్పుడు, ఆ ఇంజనును ఆయనే ట్రాలీలో వేసుకుని మేడ్చల్ పోయి పాతసామానుకు అమ్మివచ్చాడట. మరి ఇంజను నడుస్తాందని నాతో ఎందుకన్నాడని అడిగాను.

"నువ్వు గంత మంచిగ చెప్తుంటివి, ఇనబుద్ధయిందట. ఒకనాడు ఇగ ఇనలేకపోయిండు."

మా ఇంట్లో కథలు అల్లేది నేనొక్కణ్నే అనుకున్నాను.

ఇప్పుడు ఆ ఫామ్‌హౌసూ లేదు. అక్కడ అపార్టుమెంట్లు లేచాయి, వాటిలో ఉండేవాళ్లకు కింద బావి ఉండేదని కూడా తెలియదు. హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాను. ఎట్లుంది నాయినా అని మా అమ్మాయి అడిగితే, దూలపల్లి కోళ్ల కథ ఎత్తుకోబోయి ఊరుకున్నాను. రికార్డు అయిపోయి చాలాసేపైంది. అయినా తోట ఉన్న వైపు నుంచి ఆ ఇంజను ఇంకా వినిపిస్తూనే ఉంది, ఉత్తగా కొట్టుకుంటూ. పోయి ఆపమనే మనిషి లేడు.