ఆయన గొంతులో ముందుమాటలు

డాక్టరమ్మ తెల్లకాగితం మీద మనిషి మెడ బొమ్మ గీసి, దాని మధ్యలో పెన్నుతో ఒక అడ్డగీత పెట్టింది. రేడియేషన్ పని చేయలేదు, గడ్డ మళ్లీ వచ్చింది, ఇక స్వరపేటిక మొత్తం తీసేయాల్సిందే అని చెప్పింది. మెడ కింద ఒక రంధ్రం పెడతారు. ఆ తర్వాత ఊపిరి దాని గుండానే. మాట ఉండదు. కొన్నాళ్లకు పరికరం సాయంతో కొంచెం మాట్లాడటం నేర్పిస్తామని ఆమె అంటూనే ఉంది. నాకు మాత్రం ఆ అడ్డగీత తప్ప ఇంకేమీ కనబడలేదు.

పక్కన కూర్చున్న నా భర్త బొంగురు గొంతుతో ఒక్కటే అడిగాడు, కన్నడంలో. నెలాఖరు దాకా ఆగొచ్చా అని.

"ఎందుకు?" అంది ఆమె.

"కొంచెం చదివే పని మిగిలింది."

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నెలాఖరు దాటితే మాత్రం ఒప్పుకోనని, ఊపిరి తీసుకునేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి రావాలని ఆమె గట్టిగా చెప్పింది.

ఆ చదివే పని ఏమిటో చెప్పాలి. చదువు రానివాళ్లు వినడానికి తెలుగు బైబిలు మొత్తాన్ని రికార్డు చేసే బృందం ఒకటి బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంది. ఒక ఇంటి కింది అంతస్తులో చిన్న స్టూడియో. నా భర్త హిందూపురం దగ్గరి క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవాడు. యలహంకలో మేమిద్దరం ఒకే బడిలో పంతుళ్లం, ఆయన సోషల్, నేను తెలుగు. మా పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక ఆయన నన్ను చర్చికి రమ్మనలేదు, నేను ఆయన్ని గుడికి రమ్మనలేదు. ఆదివారం ఆయన వెళ్లేవాడు, శుక్రవారం నేను దీపం పెట్టుకునేదాన్ని. శనివారాల్లో, సెలవుల్లో ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు బస్సుల్లో పోయి, కొన్నేళ్ల పాటు ఆయన బైబిల్లోని గ్రంథాలన్నీ చదివి ముగించాడు. అప్పటికి గొంతు నిండుగా ఉండేది.

మిగిలింది ముందుమాటలు. ఒక్కొక్క గ్రంథం మొదలయ్యే ముందు ఒకటి రెండు నిమిషాలు, ఇది ఎవరు చెప్పింది, ఎవరికి చెప్పింది, అప్పుడు వాళ్లు ఏ కష్టంలో ఉన్నారు అని వినేవాళ్లకు తెలియజేసే మాటలు. బృందం దగ్గర ఉన్నవి అచ్చు పుస్తకం కోసం పండితులు రాసినవి. చెవికి ఎక్కవు. నన్ను మళ్లీ రాయమన్నారు. నేను వాళ్ల మతం కాదు కదా అంటే, బృందంలో పెద్దాయన నవ్వి, "మీకు తెలియదు కాబట్టే రాయమంటున్నామమ్మా. తెలియనివాళ్లకు ఏం సందేహం వస్తుందో మీకే తెలుస్తుంది," అన్నాడు. గడ్డ మళ్లీ రాకముందు ఒప్పుకున్న పని అది. కొన్ని రాశాను, ఆయన చదివాడు. చాలా వరకు అలాగే ఉండిపోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, "మిగిలినవి బిరబిరా రాసీయి మే," అన్నాడు.

"నేను రాయను."

"యాల?"

పెళ్లికి ముందు నుంచీ మేము నువ్వు నువ్వు అనే పిలుచుకునేవాళ్లం. ఆ రోజు అరిచాను. "నువ్వు మాట్లాడేదే ఇంగ కొన్ని దినాలు. ఆ మాటలన్నీ పోయి మైకుకు ఇచ్చేస్తే మాకేం మిగుల్తాదప్పా? నాతో మాట్లాడవా? బిడ్డతో మాట్లాడవా?"

ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు గొంతు పట్టుకున్నాడు. మింగుతుంటే నొప్పి.

"మా అమ్మకు చదువు రాదు కదా," అన్నాడు చివరికి. "నేను చదువుతా ఉంటే మధ్యలో ఆపి, ఇప్పుడు మాట్లాడేది ఎవురప్పా, ఎవురికి చెప్తాండాడు అని అడుగుతా ఉండె. నాకేం తెలుసు, చిన్నోణ్ణి. సుమ్నే, ఊరికే వినుమా అంటాంటి. ఆయమ్మ పోయేదాకా తెలీకనే వినె. నువ్వు రాసినవి చదువుతాంటే ఆయమ్మకు చెప్తాండట్లు ఉండాది నాకు."

నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడ్డాను. ఆ సాయంత్రం నుంచే రాయడం మొదలుపెట్టాను.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. ఈయన బతుకులో మిగిలిన గొంతును ఖర్చు పెట్టేది నా వాక్యాలు. ఒక్క మాట ఎక్కువైనా అది ఆయన ఊపిరి నుంచి పోతుంది. వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ ప్రతి వాక్యాన్నీ పైకి చదివేదాన్ని. నాకే ఆయాసం వస్తే రెండుగా విరిచేదాన్ని. రాను రాను వాక్యాలు చిన్నవయ్యాయి. పారిపోయిన దాసుడి గురించిన చిన్న ఉత్తరానికి ఇలా రాశాను: "ఈ ఉత్తరం రాసినాయన అప్పుడు జైల్లో ఉన్నాడు. రాసింది ఒక ఉన్నవాడికి. ఆ ఇంటి నుంచి ఒక దాసుడు పారిపోయాడు. అతణ్ణి మళ్లీ చేర్చుకోమని, ఈసారి తమ్ముడిలా చూసుకోమని అడుగుతున్నాడు." పెద్దాయన జైలు వద్దు, చెరసాల అనాలన్నాడు. నేను ఫోన్లోనే, "చెరసాల అంటే ఎక్కువయ్యేది రెండు అక్షరాలే గానీ, ఆయన గొంతు 'చ' దగ్గర చీలిపోతోంది సార్," అన్నాను. జైలే ఉండిపోయింది.

పొద్దున ఆవిరి పట్టాక కాసేపు గొంతు తేలికగా ఉండేది. ఆ కాస్త సమయాన్నీ సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో, బస్సులోనే పోగొట్టుకుంటున్నామని రికార్డింగ్ చూసుకునే అతను మైకు తీసుకుని మా ఇంటికే వచ్చేయడం మొదలుపెట్టాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాడు. పడకగదిలో కిటికీలకు కంబళ్లు కట్టాం. బీరువా తలుపులకు బొంతలు వేలాడదీశాం. ఫ్యాను ఆపేసేవాళ్లం. చెమటలు కారుతూ ఆయన మంచం అంచున కూర్చుని చదివేవాడు.

మాది విమానాల స్థావరానికి దగ్గర. ఆ రోజుల్లోనే విమాన ప్రదర్శన కోసం విన్యాసాలు అభ్యాసం చేస్తున్నారు. ఆయన ఒక ముందుమాటను అడ్డు లేకుండా చివరి వాక్యం దాకా తీసుకొచ్చేవాడు. అప్పుడు ఇంటి పైకప్పు ఊడిపోయేట్టు ఒక జెట్ పోయేది.

"సారీ సర్, వన్ మోర్. ఎండింగ్‌లో నాయిస్ వచ్చేసింది," అనేవాడు అతను, ఆయన మొహంలోకి చూడకుండా.

ఆయన నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి. మళ్లీ విమానం. ఒకరోజు నేను మేడ మీదికి పరుగెత్తి, ఆకాశం వైపు చేతులెత్తి తిట్టాను. పక్కింటి ఆమె బట్టలు ఆరేస్తూ నన్ను చూసి, "యేనాయ్తు మా?" అని, ఏమైందని అడిగింది. చేతులు దించి కిందికి వచ్చేశాను.

మా అమ్మాయి తుమకూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికోసం ఏదైనా నాలుగు మాటలు నా ఫోన్లో మాట్లాడి పెట్టమని ఆయన్ని బతిమాలాను. "ఆదివారం వస్తాది కదా, ఎదురుగానే మాట్లాడ్తా," అన్నాడు. నేను ఒత్తిడి చేయలేదు. ఆ పొద్దుటి గొంతు కూడా అయిపోయి ఉంది.

అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి గురించిన గ్రంథాన్ని నేను వాయిదా వేస్తూ వచ్చాను. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మంచివాడు. బిడ్డలు పోయారు, ఒళ్లంతా పుండ్లు. ఎందుకని అడుగుతాడు. దేవుడు వస్తాడు, చాలా చెబుతాడు, ఆ ఎందుకు మాత్రం చెప్పడు. కోపంతోనే రాశాను: "నాకే ఎందుకిలా అని ఈయన అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ గ్రంథంలో దొరకదు. కానీ ఈయన అడగడం మానడు."

కాగితం ఆయన చేతికిచ్చి, "ఇది మీవాళ్లు ఒప్పుకోరు," అన్నాను.

ఆయన చదివాడు. "ఇట్లే ఉండనీ," అన్నాడు. "మార్చొద్దు."

శుక్రవారం పొద్దున అది చదవడానికి కూర్చున్నాడు. మొదటి మూడు వాక్యాలు బాగా వచ్చాయి. బొంగురులోనే ఏదో లోతు ఉంది. తర్వాత ఆగి ఊపిరి తీసుకున్నాడు. సన్నటి ఈల వినబడింది. బయట ఎవరో పిల్లలు ఆడుతున్నారనుకున్నాను. రికార్డింగ్ అతను చెవులకు పెట్టుకున్నది తీసేసి నన్ను చూశాడు. అతని మొహం చూశాకే నాకు అర్థమైంది. ఆ ఈల ఆయన లోపలి నుంచి వస్తోంది.

క్యాబ్ పిలిచాం. నడిచే వచ్చి కారెక్కాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక నుంచి ఆయన భుజాలు పట్టుకున్నాను. హెబ్బాళ దగ్గర బండ్లన్నీ నిలబడిపోయాయి. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. ప్రతి ఊపిరికీ మెడ ఎముకల దగ్గర చర్మం లోపలికి గుంట పడుతోంది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. నేను నా దేవుళ్లనూ పిలిచాను, ఆయన దేవుణ్ణీ పిలిచాను, ఎవరు వింటే వారు రానీ అని.

అప్పుడు ఆయన చెయ్యెత్తి, పక్కకు చూపించి, డ్రైవర్‌తో అన్నాడు, "ఎడక్కె తొగొళ్ళి. సర్వీస్ రోడ్."

ఎడమకు తిప్పమని. డ్రైవర్ తిప్పాడు. ఆ దారే మమ్మల్ని సమయానికి చేర్చింది. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయిన వెంటనే మెడకు రంధ్రం చేశారు. కొన్ని రోజుల తర్వాత పెద్ద ఆపరేషన్ చేసి మిగిలినదంతా తీసేశారు.

అందువల్ల ఆయన సొంత గొంతుతో ఈ లోకంలో చివరగా మాట్లాడిన మాటలు అవే. నాతో కాదు, బిడ్డతో కాదు, దేవుడి గురించీ కాదు. ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌కు కన్నడంలో దారి చెప్పాడు. ఆ ఆదివారమే అమ్మాయి వచ్చింది. ఐసీయూ బయట నన్ను పట్టుకుని, "నాన్న నా గురించి ఏమైనా అన్నాడామ్మా?" అని అడిగింది. ఉన్నదే చెప్పాను. ఆదివారం వస్తావు కదా, ఎదురుగానే మాట్లాడతానన్నాడని. అది గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఆయన ఇంటికి వచ్చాక కొద్ది రోజులకు రికార్డింగ్ అతను వచ్చాడు. వరండాలో నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "మేడమ్, సర్ వాయిస్ మా దగ్గర ఫుల్‌గా ఉంది. ఎన్నో ఇయర్స్ రికార్డింగ్. సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే మిగతా ఇంట్రోలన్నీ సేమ్ సర్ గొంతులోనే వచ్చేస్తాయి. ఎవరికీ డిఫరెన్స్ తెలీదు. మీరు సర్‌ని ఒప్పించండి."

నాకు ముందుమాటలు గుర్తు రాలేదు. ఆ గొంతుతో మా అమ్మాయి పేరు పలికించవచ్చు కదా అన్నదే తట్టింది. లోపలికి పరుగెత్తి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మంచం పక్కన కూర్చుని కాళ్లు పట్టుకున్నాను. "ఒక్క తూరి. బిడ్డ కోసం. నా కోసం."

ఆయన ఫోన్ తీసుకుని, టైపు చేసి నా చేతికిచ్చాడు. "నేను చదవంది నా గొంతు చదవగూడదు. మిగిలినవి నువ్వు చదువు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోతుందో ఆ రెండు రోజుల్లో తెలిసింది. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ, "సరే, పోదాం," అన్నాను.

స్టూడియోలో అద్దానికి ఇవతల నేను, అవతల ఆయన. మెడకు తెల్ల గుడ్డ కట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. నాకు తెలుగు పాఠం చెప్పడం తెలుసు, మైకు ముందు చదవడం తెలియదు. మొదటి రోజు ఒక్కటీ పూర్తి కాలేదు. వాక్యం సగంలో ఏడుపు వచ్చేది. ఆయన అద్దం మీద వేలితో కొట్టి, చెయ్యి మెల్లగా కిందికి దించేవాడు, నిదానం అన్నట్టు. నేను పరుగెడితే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. అలాగే కొన్ని వారాలు వెళ్లి మిగిలినవన్నీ చదివాను. బూడిదలో కూర్చున్న మనిషిది ఆయన సగం దాకా చదివింది ఉంది. దానికి నా గొంతు అతికించడానికి నాకు మనసొప్పలేదు. మొత్తం నేనే చదివాను. జవాబు దొరకదు అన్న వాక్యం గురించి పెద్దాయన అడిగితే, నా భర్త 'ఇట్లే ఉండనీ' అని ఫోన్లో టైపు చేసి చూపించాడు. దాన్ని తీయలేదు.

ఇప్పుడవి చిన్న చిన్న స్పీకర్లలో ఊళ్లకు వెళుతున్నాయట. ఎవరు వింటున్నారో నాకు తెలియదు. కొన్ని గ్రంథాలకు ముందు ఆయన, కొన్నిటికి ముందు నేను, లోపల అంతా ఆయనే. ఆయన మెడకు ఆనించి మాట్లాడే పరికరం నేర్చుకుంటున్నాడు. మోటారు తిరిగినట్టు ఉంటుంది ఆ శబ్దం. అంగడికి వెళితే జనం తిరిగి చూస్తారు. అందుకని ఎక్కువగా వాడడు.

పోయిన నెల అమ్మాయి సెలవులకు వచ్చింది. ఆయన నిద్రపోతున్నాడనుకుని హాల్లో ఆ రికార్డింగ్ పెట్టుకుంది. నిండు గొంతు, జబ్బు రాకముందుది. ఇల్లంతా ఆ గొంతు నిండిపోయింది. నేను వంటింట్లో నుంచి చేతులు తుడుచుకోకుండానే వచ్చి నిలబడ్డాను. అప్పుడు చూశాను, ఆయన గది గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. మమ్మల్నిద్దర్నీ చూశాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినబడింది.

అమ్మాయి ఠక్కున ఆపేసింది. నేను తలుపు దగ్గరకు వెళ్లి పిలిచాను. తట్టాను. "ఏమప్పా, బాగుండావా? తలుపు తీయి," అన్నాను. ఏమీ వినబడలేదు. ఏం వినబడుతుంది. లోపల ఆయన ఏడుస్తున్నాడో, ఊపిరి ఆడక అవస్థ పడుతున్నాడో, ఊరికే మంచం మీద కూర్చున్నాడో తెలుసుకునే దారి లేదు. తలుపుకు చెవి పెట్టి, ఆయన గడియ తీసే దాకా అక్కడే నిలబడ్డాను.