కోసారా సీటు

కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బోల్టులు బిగించినవాడికి కారు నడపడం రాదంటే ఎవరు నమ్ముతారు? మా పక్కింటి విదోసావ్‌కి రాదు. క్రాగుయెవాత్స్ ఊళ్లో మా వీధి వీధంతా వెక్కిరించింది, వాడు మాత్రం సిగ్గుపడలేదు. వాళ్లింట్లో ఫిచా కారు నడిపింది వాడి భార్య కోసారా. గుప్పెడంత కారు, గుప్పెడంత మనిషి. సీటు పూర్తిగా ముందుకు లాక్కుని, గడ్డం స్టీరింగుకు ఆనేలా కూర్చునేది. నా భార్యకు నొప్పులొచ్చినప్పుడు మంచులో ఆసుపత్రికి చేర్చింది ఆవిడే. ఆ మంచు నేనే కురిపించినట్టు దారి పొడుగునా నన్ను తిట్టింది.

విదోసావ్ పని తుప్పు వదిలించడం. రంగు వేసిన రేకు జోలికి పోయేవాడు కాదు. రంగులేని ఇనుమంటేనే వాడికి ప్రాణం. తలుపు బందులు, జాకీ, చక్రాల బోల్టులు, సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు ఏటా చలికాలంలో విప్పి, పీపాలో క్యాబేజీ ఊరిన పులుపునీళ్లు ముంచుకొచ్చి నానేసేవాడు. తుప్పు నల్లటి బురదై ఊడొచ్చేది. ఆ ఉప్పు మిగిలితే మళ్లీ తుప్పే కాబట్టి సోడా నీళ్లతో బాగా కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, పంది కొవ్వు రాసేవాడు.

"ఏమయ్యా, పీపా ఖాళీ చేశావంటే క్యాబేజీ బదులు బోల్టులే వండి పెడతాను, తిందువుగాని," అనేది కోసారా.

మాలో రాకియా తాగి తల పగిలిపోతుంటే ఆ పులుపునీళ్లే మందు. ఓసారి మా ఇంటి వేల్పు సెయింట్ నికోలా పండుగ మర్నాడు, వాడి బల్ల మీద మగ్గు కనిపించగానే ఎత్తి గటగటా తాగాను. నాలుక మీదికి నట్టు వచ్చింది. కోసారా నవ్వలేక కూలబడింది.

"మింగేయ్ మిలున్ అన్నా. నీకు లోపల ఏదో వదులైందని మీ ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది."

అలాంటి నోరు మళ్లీ మా వీధిలో వినలేదు. ఆవిడ పోయాక ఫిచా షెడ్డులోనే ఉండిపోయింది. ఇనుమంతా ఎర్రబారింది. విదోసావ్ ఆ తలుపు తీయడమే మానేశాడు.

ఈ ఫిబ్రవరిలో నీష్ ఊరి నుంచి వాడి కూతురు స్నెజానా ఫోన్ చేసింది. పెద్దల శనివారం నాడు సమాధి దగ్గరికి అమ్మ కారులోనే వెళ్దామంది. మా వాడికి ప్రాణం లేచొచ్చింది. ఇంజను మెకానిక్ చూసుకున్నాడు, తుప్పు పని వీడు మొదలుపెట్టాడు. నేను రోజూ వెళ్లి స్టూలు మీద కూర్చుని తప్పులు ఎంచేవాణ్ని. బందులు మెరిశాయి, జాకీ మెరిసింది. సీటు పట్టాలు మాత్రం ఎర్రగా అలాగే ఉన్నాయి. సీటు ముందుకు బిగుసుకుపోయి ఉంది.

"పట్టాలు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరి మీ అమ్మాయి తాడిచెట్టంత ఉంటుంది. మోకాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది, నెత్తినా?"

"బస్సులో వెళ్తాం."

నాకు ఒళ్లు మండింది. "ఇంత చాకిరీ చేసి బస్సా? మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదురా."

వాడు చేతిలో బ్రష్షు కింద పెట్టాడు. "కోసారా చివరిసారి జరుపుకున్న చోటే ఉంది సీటు. తర్వాత ఎవరూ కదపలేదు మిలున్. తుప్పు పోతే ఆ చోటూ పోతుంది."

నేను ఆ బ్రష్షు తీసి వాడి చేతికిచ్చి ఇంటికి నడిచాను.

శుక్రవారం స్నెజానా వచ్చింది. ఫిచా ఎక్కబోయింది, మోకాళ్లు పట్టలేదు. ఓసారి సీటు వంక చూసి, తండ్రి వంక చూసి మెల్లగా దిగింది.

"పర్లేదు నాన్నా. బస్సులో పోదాం. అమ్మ సీటు అలాగే ఉండనీ."

విదోసావ్ "మీ అమ్మ ఏనాడైనా బస్సెక్కిందా?" అని గొణుక్కుంటూ పీపా దగ్గరికి నడిచాడు.

పట్టాల బోల్టులు కూడా బిగుసుకుపోయాయి, విప్పడానికి రాలేదు. పులుపునీళ్లలో తడిపిన గుడ్డలు పట్టాలకు చుట్టి వదిలేశాడు. మర్నాడు పొద్దున తీగల బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, కొవ్వు రాశాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేశాడు. మీట లాగి తనే సీటును వెనక్కి తోశాడు. కిర్రుమని కదిలింది. వాడు ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

స్నెజానా నడిపింది. వాడు పక్కన కూర్చుని, కోసారాతో అన్నట్టే, "నెమ్మదిగా, నెమ్మదిగా," అన్నాడు. వెనక నేను, నా ఒళ్లో సమాధి దగ్గర పెట్టే ఉడికించిన గోధుమల గిన్నె.

ఇల్లు చేరాక అమ్మాయి లోపలికి వెళ్లింది. విదోసావ్ వంగి, మీట లాగి, సీటును ముందుకు, చివరంటా జరిపాడు. చప్పుడే లేకుండా వచ్చింది.

"రేపు నడిపేటప్పుడు అమ్మాయి మళ్లీ వెనక్కి జరుపుతుంది కదరా," అన్నాను.

"జరపనీ," అన్నాడు. "తిరిగొచ్చాక నేను ముందుకు లాగుతాను."